సుకన్య ఇంటి నీలం గోడ

లాలాగూడలో రైల్వే క్వార్టర్లు దాటి ఎడమచేతి సందులోకి తిరగగానే కామాక్షి గారి మేడ కనిపిస్తుంది. మేడ మీద కామాక్షి గారి కుటుంబం. కింద వెనకవైపు పోర్షన్‌లో సుకన్య, ఆమె భర్త రాజేందర్, అత్త అనసూయమ్మ. పోర్షన్ అన్నది కాస్త గొప్పకు చెప్పుకునే మాట. ముందొక గది, వెనకొక వంటగది, అంతే. ఆ ముందు గదే హాలు, అదే పడకగది, చుట్టాలొస్తే అదే భోజనాల గది.

అయినా ఆ గదిలోకి మొదటిసారి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసేవాళ్లు. కిటికీకి వేలాడే పరదా ఒకప్పుడు అనసూయమ్మ కట్టుకున్న షిఫాన్ చీర. జరీ అంచు కిందికి వచ్చేలా కుట్టింది సుకన్య; గాలి వీచినప్పుడల్లా నేల దగ్గర తళుక్కుమనేది. సోఫా అనుకుని కూర్చున్నది నిజానికి పక్కపక్కన చేర్చిన రెండు రేకు పెట్టెలు. వాటి మీద నాలుగు మడతలు వేసిన బొంత, బొంత మీద టైలరు దగ్గర మిగిలిన జాకెట్ ముక్కలు అతికి కుట్టిన దుప్పటి. ఖాళీ పచ్చడి సీసాల్లో మనీప్లాంటు తీగలు కిటికీ చువ్వలు పట్టుకుని పైకి పాకుతుండేవి.

ఇన్ని ఉన్నా గోడకు ఒక్క మేకు లేదు. మేకు కొట్టకూడదన్నది కామాక్షి గారి మొదటి షరతు. అందుకని సుకన్య ఇంట్లో ప్రతి వస్తువూ దేనికో ఆనుకుని ఉంటుంది, లేదా దేని సందులోనో ఇరుక్కుని నిలబడుతుంది. సజ్జ మీద బియ్యం డబ్బా కింద వెదురు కర్ర ఒకటి నొక్కిపెట్టి, దాని కొసకు బోర్లించిన వెదురు బుట్ట వేలాడదీసి, అందులోంచి బల్బు దించింది. దీపం వేస్తే బుట్ట సందుల నీడలు పైకప్పంతా పరుచుకునేవి.

ఆ బుట్ట తెచ్చింది రాజేందర్. అతను యాప్రాల్ వైపు స్కూలు బస్సు నడుపుతాడు. అక్కడ ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లు అక్కర్లేనివన్నీ గేటు పక్కన పెట్టి పోతారు. మొదట్లో వాటిని ముట్టుకోవాలంటే అతనికి నామోషీ. "బస్సుల పిల్లలను తెస్తనా, చెత్త తెస్తనా?" అనేవాడు. పెళ్లయిన మూడేళ్లలో చాలా మారాడు. ఇప్పుడు తనే ఫోన్ చేసి, "ఇగో, ఇక్కడొక కుర్చీ ఉన్నది. మూడు కాళ్లే ఉన్నయి. నీకు పనికొస్తదా?" అని అడుగుతాడు.

"ఆ నాలుగోది గూడ అక్కడ్నే ఉంటది, జెర సూడుండ్రి," అంటుంది సుకన్య.

సుకన్యకు మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరింటికి వెళ్లినా మూలన కూర్చుని కళ్లతోనే ఇల్లంతా చుట్టి వస్తుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే గది వెలుగుతుందో, ఏ వస్తువు తీసేస్తే కాలు కదపడానికి చోటు వస్తుందో అన్నీ చూసి పెట్టుకుంటుంది. ఇంటికొచ్చాక చప్పుడు చేయకుండా పెట్టెలు జరపడం మొదలుపెడుతుంది. అనసూయమ్మ స్నానానికి వెళ్లి వచ్చేసరికి తను కూర్చునే చోటు ఇంకోవైపు ఉంటుంది.

"ఓ పోరీ, నన్ను సుత ఎక్కడన్న జరిపి పెడ్తవా ఏంది?" అనేది అనసూయమ్మ.

"మీరు కిటికీ పక్కన మంచిగుంటరు అత్తమ్మా. ఎలుగొస్తది."

ఎంత జరిపినా, ఎంత కుట్టినా ఒక్క గోడ విషయంలో మాత్రం ఆమెకు ఏమీ చేతకాలేదు. గుమ్మంలోకి రాగానే ఎదురుగా కనబడే గోడ అది. పైనుంచి చెమ్మ దిగి, పాత రంగు పొక్కులు లేచి, పెచ్చులు రాలుతూ ఉండేది. చీర కడితే చీరకు మరక. బీరువా అడ్డం పెడదామంటే ఇంట్లో బీరువా లేదు.

ఆ గోడ ఉంది కాబట్టే శ్రావణమాసం వచ్చిందంటే సుకన్య మనసు చిన్నబోయేది.

ఆ సందులో ఆడవాళ్లంతా కలిసి శ్రావణ శుక్రవారాల్లో లలితా సహస్రనామ పారాయణ చేస్తారు. వారానికి ఒకరింట్లో. అందరినీ కూడగట్టేది కామాక్షి గారు. రాజమండ్రి నుంచి వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆవిడ మాట ఇంకా ఆ నీళ్ల మాటే. ప్రతి ఏడూ వంతులు వేసేటప్పుడు సుకన్య దగ్గరికి రాగానే, "నీకెందుకులేమ్మా శ్రమ! చిన్న గది. మేమందరం వచ్చి కూర్చుంటే మీ అత్తగారు ఎక్కడ నిలబడతారు?" అని దాటేసేవారు. అందులో ఎత్తిపొడుపు లేదు. సుకన్యకు అదే కష్టంగా ఉండేది. ఎత్తిపొడుపైతే తిరిగి ఒక మాట అనొచ్చు, జాలిని ఏమనగలం? అందరిళ్లలో శనగలు తిని, తాంబూలం పుచ్చుకుని, తన గడపలోకి మాత్రం ఎవరినీ పిలవలేక తిరిగొచ్చేది.

ఈ ఏడు మొదటి శుక్రవారం మేడ మీద పారాయణ అయ్యాక కామాక్షి గారు వంతులు మొదలుపెట్టారు. సుకన్య ఒడిలో కొంగు నలుపుతూ కూర్చుంది. తన పేరు దాటబోతుండగా నోరు తెరిచింది.

"వచ్చే శుక్రారం మా ఇంట్ల ఆంటీ."

ఎవరికీ వినబడలేదు. పక్కన కూర్చున్న సింధూరకు మాత్రం వినబడింది. ఆమె కామాక్షి గారి కోడలు. "అత్తయ్యా, సుకన్య వాళ్లింట్లో అంటోంది," అని గట్టిగా చెప్పింది.

కామాక్షి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ చెమ్మగోడ ముందు కూర్చోబెడతావా అందర్నీ?"

"సున్నం ఏసుకుంటం ఆంటీ. తెల్లగ."

"తెల్లగా అయితే వేసుకో. ఇంకే రంగూ వద్దు. మేకులూ గీకులూ కొట్టకూడదు సుమా!"

"కొట్టం ఆంటీ."

మాట ఇచ్చి కిందికి దిగేటప్పుడు సుకన్య కాళ్లు తేలిపోతున్నాయి. వాళ్లు వస్తారు. తన గుమ్మంలోంచి లోపలికి వస్తారు. ఈసారి ఆ గోడ తన పరువు తీయకూడదు. ఆమెకు కావలసింది అంతే.

అత్తాకోడళ్లు ఇద్దరూ మోండా మార్కెట్‌కు వెళ్లారు. దుకాణదారు కొత్త రంగుల డబ్బాలు చూపించబోతే అనసూయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెమ్మ గోడకు గవి నిలువయి. సున్నమియ్యి. దాంట్లకు నీలి పొట్లం గూడ ఇయ్యి."

"నీలి ఎంత వెయ్యాల్నో తెలుసా అమ్మా?"

"నువ్వు పుట్టకముందుకెల్లి ఏస్తున్న బిడ్డా. చిటికెడు."

"చిటికెడైతే అమ్మరు. పొట్లం తీసుకపో."

ఉత్త సున్నం వేస్తే గోడ పాలిపోయినట్టు ఉంటుంది. చిటికెడు నీలి కలిస్తేనే తెలుపు తెలుపులా మెరుస్తుంది. భువనగిరి దగ్గర పుట్టింట్లో పండుగ పండుగకూ గోడలకు సున్నం వేసిన చెయ్యి అనసూయమ్మది. పాత పెచ్చులన్నీ సుకన్య గీకేసింది. సున్నం నానబెట్టి, చేతికి అంటకుండా ఉప్పు, బంక కలిపి, చిటికెడు నీలి గుడ్డలో మూట కట్టి బకెట్టులో తిప్పింది అనసూయమ్మ. తర్వాత అన్నం చూసుకోవడానికి వంటగదిలోకి వెళ్లింది. సుకన్య తను కుట్టిన జాకెట్లు టైలరుకు ఇచ్చి రావడానికి బయటికి పోయింది.

అప్పుడు వచ్చాడు రాజేందర్. ఉదయం ట్రిప్పు అయిపోయింది, మళ్లీ సాయంత్రమే బస్సు. ఇంట్లో ఆడవాళ్లు కష్టపడుతున్నారు, తనూ ఒక చెయ్యి వేద్దామనుకున్నాడు. బకెట్టులోకి తొంగిచూశాడు. నీలి అడుక్కి పేరుకుంది, పైన తెల్లటి సున్నపుతేట. 'అమ్మ నీలి మరిచిపోయింది' అనుకున్నాడు. పొట్లంలో మిగిలినదంతా గుమ్మరించి, కర్రతో గిరగిరా కలిపి, కుంచె తీసుకుని గోడంతా ఒకటికి రెండుసార్లు వేసేశాడు.

సుకన్య వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇదేంది గిట్లున్నది?"

"పచ్చిమీద గట్లనే ఉంటది. ఎండితే తెల్లగైతది," అన్నాడు రాజేందర్ ధీమాగా.

ముగ్గురూ ఫ్యాను పూర్తిగా తిప్పి గోడకెదురుగా కూర్చున్నారు. గోడ ఎండింది. కాస్త తేలికపడింది కానీ నీలం నీలంగానే నిలిచింది. తెల్లబోయింది రాజేందర్ ముఖం మాత్రమే.

"నీలి నేనేసిన గదరా!" అంది అనసూయమ్మ.

"నాకేం దెలుసు? పైన తెల్లగున్నది."

"అడుగుకు పోతదిరా! కలిపి సూడొద్దా?"

"కలిపిన. నేనేసినంక కలిపిన."

"మంచిగ కలిపినవ్ పో. ఇల్లును రైలు డబ్బా చేసినవ్."

"బెర్తులు ఒక్కటే తక్కువ," అని నవ్వబోయి, పెళ్లాం ముఖం చూసి ఆగిపోయాడు రాజేందర్.

మళ్లీ తెల్లసున్నం వేద్దామంటే బయట ముసురు పట్టింది. ఇంకో పూత శుక్రవారంలోగా ఆరదు. పచ్చి గోడకు ఎవరి పట్టుచీర తగిలినా చీర పాడవుతుంది. పైగా తెల్లగా తప్ప ఇంకే రంగూ వద్దన్నారు కామాక్షి గారు.

"పైకి పోయి నీకు జొరమొచ్చిందని చెప్పి రానా?" అంది అనసూయమ్మ మెల్లగా. "వేరేవాళ్లింట్ల పెట్టుకుంటరు. నిన్నెవలూ ఏమనరు."

సుకన్య ఊఁ అనబోయింది. ఎవరూ ఏమీ అనరన్నది నిజమే. పాపం అంటారు. వచ్చే ఏడు కూడా పాపం అంటారు.

"ఒద్దు అత్తమ్మా. ఆగుండ్రి," అంది.

సజ్జ మీద పెళ్లికార్డుల కట్ట ఒకటి ఉంది. మనిళ్లలో పెళ్లికార్డును పారేయడానికి చేతులు రావు. ఏ కార్డు మీద చూసినా వినాయకుడో, వెంకటేశ్వరస్వామో ఉంటారు. చెత్తలో వేయలేము, చింపలేము. అందుకని పెళ్లి అయిపోయి, పిల్లలు పుట్టి బడికి పోతున్నా కార్డు మాత్రం అటక మీద అలాగే ఉంటుంది. దీపావళికి ఇల్లు దులిపినప్పుడు ఆ సందులో అందరూ తమ కట్టలు సుకన్య చేతిలో పెట్టి, "నువ్వేదో ఒకటి చేస్తావుగా, తీసుకెళ్లు," అనేవాళ్లు. పాపం తమకు అంటకుండా వదిలించుకున్నామని వాళ్ల సంతోషం. మందంగా, నునుపుగా, బంగారు రంగు తేలిన కాగితం ఊరికే దొరికిందని సుకన్య సంతోషం.

ఆమె కట్ట విప్పి, మీది కార్డు తీసి గోడకు ఆనించి చూసింది. ఎర్రటి కార్డు మీద బంగారు ఏనుగు. తెల్లగోడ మీద అయితే కార్డులాగే కనబడేది. ఈ నీలం మీద ఏనుగు నడిచి వస్తున్నట్టుంది.

"మైదా ఉన్నదా అత్తమ్మా?"

"ఇప్పుడు పూరీలు తింటవా పోరీ?"

"తినుడు కాదు. ఉడకబెట్టి అంటు చేయాలె."

నీలి పోసిన పాపానికి మైదా ఉడికించే పని రాజేందర్‌కు పడింది. సుకన్య కత్తెర తీసుకుంది. ముందు దేవుళ్లను జాగ్రత్తగా వేరు చేసింది. "వినాయకున్ని నాకియ్యి. ఎంకన్న సామిని నాకియ్యి," అంటూ అనసూయమ్మ అన్నింటినీ పళ్లెంలోకి తీసుకుని దేవుడి అర పక్కన చేర్చింది. మిగిలినవి కత్తెరలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఏనుగులు, నెమళ్లు, చిలకలు, అరటిచెట్లు, సన్నాయి ఊదేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు.

ఆమె వాటిని నేల మీద పరిచి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది. తర్వాత గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పెళ్లి ఊరేగింపు బయలుదేరింది. సన్నాయి ఒక పెళ్లిది, డోలు ఇంకో పెళ్లిది. పల్లకీ ఒకరిది, అందులో పెళ్లికూతురు మరొకరిది. ఊరేగింపు చివర ఏనుగు. పైన వరసగా కార్డుల అంచులతో కోసిన మామిడాకుల తోరణం. రాజేందర్ అంటు గిన్నె పట్టుకుని నిలబడి, "పల్లకీ మోసేటోళ్లు ఒకడు పొడుగు, ఒకడు పొట్టి ఉన్నరు. పెండ్లిపిల్ల పడిపోతదేమో!" అన్నాడు. ఆ రోజంతా మూసుకుపోయిన సుకన్య నోరు అప్పుడు నవ్వడానికి తెరుచుకుంది.

శుక్రవారం వచ్చింది. రాజేందర్ మామూలు కంటే ముందే బస్సుకు వెళ్లిపోయాడు. కామాక్షి గారి ముఖం చూసే ధైర్యం లేక పారిపోయాడని అనసూయమ్మ పొయ్యి దగ్గర నిలబడి సన్నగా తిట్టింది.

ఆడవాళ్లు గొడుగులు ముడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. మేడ మీద టెర్రస్‌పై ఇనుపరేకుల గదిలో కొత్తగా అద్దెకు దిగిన అనుపమ కూడా చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది. చివర కామాక్షి గారు, వెనక సింధూర. గడప దాటిన కామాక్షి గారి కాలు అక్కడే ఆగింది.

"తెల్ల సున్నం అన్నావు కదే?"

అనసూయమ్మ ముందుకొచ్చింది. "తెల్లదే ఏసినం కామాక్షమ్మా. అదే నీలమైంది."

"అదే ఎలా అవుతుందండీ?"

"మా పోరన్ని అడగాలె. ఇంట్ల లేడు."

సింధూర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. కామాక్షి గారు నవ్వలేదు. "పారాయణ కానివ్వండి. తర్వాత మాట్లాడదాం," అని పెట్టెల సోఫా మీద, సరిగ్గా గోడ కింద కూర్చున్నారు.

సుకన్య ఆవిడకు ఎదురుగా నేల మీద కూర్చుంది. నామాలు చదువుతున్నది పెదవులే. కళ్లు మాత్రం గోడ మీద, గోడ మీంచి ఆవిడ ముఖం మీద. గదిలో కుంకుమ, అగరొత్తుల వాసన నిండింది. పక్కవాళ్ల మోకాళ్లు తగిలేంత ఇరుకుగా కూర్చున్నా ఎవరూ కదలడం లేదు. చదువుతూ చదువుతూ అందరి చూపులూ పుస్తకంలోంచి గోడ మీదికి వెళ్లి వస్తున్నాయి. సహస్రనామాలు అయి ఫలశ్రుతిలోకి వచ్చారు. అప్పుడు, ఫ్యాను గాలికో చెమ్మకో, ఊరేగింపు చివరి ఏనుగు గోడ వదిలి తిరుగుతూ తిరుగుతూ వచ్చి కామాక్షి గారి ఒడిలో పడింది.

సుకన్య సగం లేచి, మళ్లీ కూర్చుంది.

కామాక్షి గారు చదవడం ఆపకుండానే ఏనుగును తీసి పక్కన పెట్టబోయారు. వెనకవైపు ఏదో అచ్చు కనబడింది. కళ్లజోడు కిందికి దించి చూశారు. 'చి॥ ఉదయ్ భాస్కర్' అని ఉంది. పారాయణలో ఎప్పుడూ తడబడని ఆవిడ గొంతు శ్లోకం మధ్యలో జారిపోయింది.

సింధూర తొంగిచూసింది. "అత్తయ్యా! ఇది మా పెళ్లికార్డు!"

"ఏదీ? ఏదీ?" అంటూ అందరూ ముందుకు వంగారు.

"ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి! ముందు చదవడం పూర్తి కావాలి," అన్నారు కామాక్షి గారు. ఫలశ్రుతిని అంత వేగంగా ఆ సందులో ఎవరూ ఎప్పుడూ చదవలేదు. హారతి కళ్లకద్దుకున్నారో లేదో, అందరూ గోడ దగ్గరికి చేరారు.

"ఈ నెమలి మాది. మా చెల్లి పెండ్లిది."

"మీదేంది? మా తమ్మునిది! తోక కింద ముత్యం ఉన్నది సూడు."

"అయ్యో, ఈ సన్నాయి ఊదేటాయన మా కార్డు మీదోడే! నిజం పెండ్ల అయితే బ్యాండు పెట్టినం, గీయన రానే లేదు."

"పల్లకీ ఎవలది? పిల్ల బరువున్నట్టున్నది, మోసేటోడు వంగిపోయిండు."

సుకన్య కామాక్షి గారి వైపే చూస్తోంది. ఆవిడ గోడ పొడవునా మెల్లగా నడిచారు. అరచేత్తో ఊరేగింపు అంచులు తడిమారు. చివరికి వచ్చి చేతిలోని ఏనుగును సుకన్య ముందు పెట్టారు.

"ఏమే, మా అబ్బాయి పెళ్లి ఏనుగు కదా ఇది?"

"అవును ఆంటీ."

"దీన్ని తీసుకెళ్లి అందరికంటే వెనకాల పెడతావా? ఏనుగు ముందు నడవాలి. ఆ మాత్రం తెలీదూ? ఆ అంటు ఏదో ఉంటే తీసుకురా, నేనే అతికిస్తాను."

గదిలో నవ్వులు పేలాయి. సింధూర వంటగదిలోకి పరుగెత్తి మైదా గిన్నె తెచ్చింది. కామాక్షి గారు పట్టుచీర కొంగు నడుములో దోపుకుని, సన్నాయి వాళ్లకంటే ముందు తన ఏనుగును అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

"ఈ నీలం బాగానే ఉందే! ఖాళీ చేసిన రోజున మాత్రం తెల్లగా వేయించి ఇవ్వాలి."

"ఖాళీ చెయ్యమంటున్నరా కామాక్షమ్మా?" అంది అనసూయమ్మ కంగారుగా.

"ఎవరు చెయ్యమన్నారండీ? శనగలు పెట్టండి, ఆకలేస్తోంది."

శనగలు తింటూ ఎవరూ లేచే ఆలోచనలో లేరు. ఒకరు తమ ఇంట్లో ఇంకా రెండు కట్టలున్నాయన్నారు. ఇంకొకరు ఊరేగింపులో వంటవాళ్లు లేరని, పెళ్లంటే భోజనాలు కూడా ఉండాలని పట్టుబట్టారు. ఆ మాటల మధ్యే కామాక్షి గారు పై వారం వంతు సంగతి ఎత్తారు. రేకుల గది అనుపమ పేరు వచ్చేసరికి ఆగారు.

"నీకెందుకులేమ్మా అనుపమా, చంటిబిడ్డతో శ్రమ. పైన రేకులు, వాన పడితే ఒకటే చప్పుడు..."

అనుపమ తల వంచుకుని బిడ్డ టోపీ సర్దింది. ఆ తల వంచడం సుకన్యకు బాగా తెలుసు.

"పెట్టుకుందాం ఆంటీ," అంది సుకన్య. ఈసారి ఆమె మాటను ఇంకెవరూ మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది. "వాళ్లింట్లనే పెట్టుకుందాం. చప్పుడైతే మనం ఇంకా గట్టిగ చదువుదాం."

అందరూ ఆమె వైపు తిరిగారు. సుకన్య చెవులు ఎర్రబడ్డాయి కానీ తల దించలేదు.

"అక్కా, మాకు గోడలే లేవు. అన్నీ రేకులే," అంది అనుపమ చిన్నగా.

"రేకులైతే ఇంకా మంచిది. మైదా సుత అక్కర్లే. పాత స్పీకర్ల అయస్కాంతాలుంటయి గదా, గవి పెడితే చీరైనా నిలుస్తది, బొమ్మైనా నిలుస్తది. ఎప్పుడంటే అప్పుడు జరుపుకోవచ్చు. కిటికీ ఏ దిక్కుకున్నది నీకు?"

"తూర్పుకు."

"తలుపు?"

"చూస్తవా అక్కా?"

సుకన్య అప్పటికే లేచి బిడ్డను చంకకెత్తుకుంది. కామాక్షి గారు సింధూరను చూసి నవ్వారు.

"ఏయ్ పోరీ!" అనసూయమ్మ పసుపు కుంకుమల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి పైకి కేకేసింది. "ఇంటినిండ మనుషులున్నరు, తాంబూలాలు ఎవలిస్తరు?"

"మీరియ్యిండ్రి అత్తమ్మా!" మెట్ల మీంచి సుకన్య గొంతు వినబడింది, వాన చప్పుడును దాటుకుని. "ఎవల్నీ పోనియ్యకుండ్రి, ఇప్పుడే వస్త!"